టైడా పైన మూడో మలుపు

కొండదారిలో టైడా ఊరు దాటాక మూడో మలుపులో కారు ఆగిపోయింది.

ఆగే ముందు అది దగ్గిన దగ్గుకి కొండమీది కోతులు పిల్లల్ని చంకనేసుకుని పక్క కొండకి కాపరం మార్చేశాయి.

జగన్నాథరావు తాళం తిప్పాడు. ఇంజను గరగరమంది గాని అందుకోలేదు. దిగి బతిమాలాడు, తిట్టాడు, టైరుని ఓ తన్ను తన్నాడు. కాలు నొప్పెట్టింది.

నలభై ఐదేళ్ళ నాటి కారది. అన్న కొన్నది, దీన్నేసుకునే ఈ కొండలెక్కేవాడు. కొండపిల్లని చేసుకున్నాడని నాన్న గుమ్మం తొక్కొద్దంటే, తాళాలు అరుగు మీద పెట్టి రైలెక్కిపోయాడు అన్న.

నాన్న ఉన్నన్నాళ్ళూ జగన్నాథరావుకి కొండవైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు. పోయాక మొహం చెల్లలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు ఇట్టే గడిచాయి. అన్న నోట "ఒరే జగ్గా" అని ఒక్కసారి వినాలి. అంతే కావాలతనికి.

"బేటరీ కాదు బాబూ."

గట్టు మీద కొండచీపుర్ల కట్ట పక్కన ఓ ముసలమ్మ. నోట్లో చుట్ట.

"నీకేటి తెలుసమ్మా?"

"బేటరీ పోతే అంత గరగరలాడదు. మూత తియ్యి."

తీశాడు. ఆవిడ ప్లగ్గు వైరు ఊడదీసి, రబ్బరు తొడుగు పట్టుకుని ఇనుముకి దగ్గరగా పెట్టింది.

"తిప్పు."

నీలంగా నిప్పురవ్వ ఎగిరింది.

"నిప్పుంది. పెట్రోలే రావట్లేదు."

"టేంకు నిండా ఉందే!"

"టేంకులో ఉంటే సరా? ఎక్కీ ఎక్కీ ఇంజను కాగిపోనాది. పంపులో పెట్రోలు ఆవిరైపోనాది."

తలగుడ్డ విప్పి, రాతిలోంచి కారే ఊటలో తడిపి, పంపు చుట్టూ చుట్టింది.

"సుట్ట కాలినంతసేపు ఆగు. ఎక్కడికి పోతన్నావు?"

"మా అన్న దగ్గరికి. వరహాలరావని, పై ఊళ్ళో ఉంటాడట."

ముసలమ్మ చుట్ట తీసి అతణ్ణి పాదాల నుంచి పైదాకా చూసింది.

"మీ కొండమనిషెవర్తో మందెట్టి ఎగరేసుకుపోయింది," అన్నాడతను.

"అలాటి మందే ఉంటే మా మగాళ్ళు పొద్దుగూకే యేలకి బేగి ఇళ్ళకి రారేటి?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

"ఆ మనిషిని కూడా పలకరిస్తావా?" అంది ముసలమ్మ, నవ్వు తుడుచుకుంటూ.

"ఆవిడతో నాకేటి పని? అన్నని చూసి దిగిపోతాను."

ముసలమ్మ చుట్ట ఆరిపోయినా మళ్ళీ వెలిగించుకోలేదు.

కాసేపటికి, "తిప్పు," అంది. ఇంజను ఒక్క పిలుపుకే పలికింది.

"కారెక్కమ్మా, ఊళ్ళో దించేస్తాను."

"వద్దులే, నువ్వెల్లు. ఊరి మొదట్లో నిలువురాయి ఉంటాది. అక్కడే ఉంటాడు."

రాయి దొరికింది. చుట్టూ ఇల్లంటూ లేదు. కాఫీపళ్ళ బస్తా మోసుకొస్తున్న ఓ పెద్దాయన ఆగాడు. పేరు సోంబరట.

"వరహాలరావుగారిల్లు ఎక్కడ?"

సోంబరు బస్తా దింపి రాయి మీద చెయ్యి వేశాడు.

"పోయి ఏడాదయ్యింది బాబూ. మావోళ్ళలో పోయినోళ్ళకి నిలబెట్టినట్టే ఆయనకీ ఈ రాయి నిలబెట్టినాం."

జగన్నాథరావు రాయిని పట్టుకుని అలాగే కూలబడ్డాడు. తనని జగ్గా అని పిలిచే నోరు ఇక ఈ లోకంలో లేదు.

"నేను తమ్ముణ్ణి," అన్నాడు. "మలుపులో ముసలమ్మ ఒక్క ముక్కైనా చెప్పలేదే!"

సోంబరు కిందికి వంపు తిరిగిన రోడ్డుకేసి చూశాడు.

"తమ్ముడు ఎప్పటికైనా వస్తాడు, వస్తే ఆ కారు ఆ మలుపులోనే ఆగిపోతాదని మీ అన్న పోయేముందు సెప్పినాడు బాబూ, ఆనాటినుంచి రోజూ అక్కడే కూకుంటంది మీ వదిన."