ఆగిన వాగు

శుక్రవారం పొద్దున ఉపవాస ప్రార్థనకు వచ్చేసరికి పకోచ్ ఊరి చర్చికి కప్పు లేదు.

గోడలున్నాయి. బల్లలున్నాయి. ఇరవై నాలుగు రేకులు మాత్రం మాయం.

వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. పైన గుట్ట మీద, కాఫీ గింజలు ఆరబోసే కళ్ళంలో, ఆ రేకులతోనే పొడుగాటి పందిరి వేసి ఉంది. దాని కింద, పెద్దాయన అనే అర్థంలో అందరూ దోన్ అని పిలిచే ఎవెలియో తీరిగ్గా మొక్కజొన్న రొట్టె తింటున్నాడు.

ఆ ముసలాయన ఊరివాడు కాదు. మూడు నెలల క్రితం కాఫీ తోటల్లో కలుపు తీయడానికి వచ్చి, తోమాసా అనే విధవరాలి వసారాలో ఉంటున్నాడు. ఆదివారం ఆరాధనకు వచ్చేవాడు గానీ, చర్చి గడప దాటేవాడు కాదు. వాన పడుతున్నా బయటే నిలబడి వినేవాడు.

"తీసింది నువ్వేనా?" అన్నాడు పాస్టర్ నికానోర్.

"నేనే. రాత్రంతా మోశాను. మేకులు కూడా పారేయలేదు. డబ్బాలో ఉన్నాయి."

ఎందుకని అడిగితే, వాగు ఆగింది కాబట్టి అన్నాడు.

తొమ్మిది రోజులుగా వాన. చర్చి పక్క వాగు పొంగి గుమ్మం దాకా వచ్చింది. ఊరంతా మోకరించి ప్రార్థించింది. బుధవారం మధ్యాహ్నం, వాన కురుస్తుండగానే, వాగు ఎండిపోయింది. బైబిల్లో యెహోషువ కాలంలో యొర్దాను నది జనానికి దారిస్తూ నిలిచిపోయినట్టే నిలిచిందంటూ నికానోర్ ఏడ్చాడు. కృతజ్ఞతగా శుక్రవారం నుంచి మూడు రోజుల ఉపవాసం ప్రకటించాడు. చంటిపిల్లలతో సహా అందరూ చర్చిలోనే ఉండాలన్నాడు.

వాన ఆగకుండా వాగు ఆగిందంటే పైన కొండ విరిగి అడ్డం పడిందని, ఆ అడ్డు తెగితే అంతా ఊరి మీదికే వస్తుందని ఎవెలియో ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ముసలాడికి విశ్వాసం తక్కువ, పిరికితనం ఎక్కువ అని నవ్వారు.

"దేవుడు ఆపిన నీళ్ళని చూసి భయమెందుకు పెద్దాయనా?" నికానోర్ గొంతు పెంచాడు.

"యొర్దాను ఆగినప్పుడు వాళ్ళు అందులో చాప పరుచుకుని కూర్చోలేదు పాస్టరుగారూ. నడిచి గట్టెక్కారు. ఆపడం ఆయన వంతు, నడవడం మన వంతు."

"నాకే వాక్యం నేర్పుతావా?"

"నేర్పను. రేకులూ ఇవ్వను. కొడతారా, కొట్టండి."

ఎవరూ కొట్టలేదు. పోలీసులకు కబురు పంపారు. వాళ్ళు కొండెక్కి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. అప్పటిదాకా ముసలాయన్ని ఉంచడానికి ఊళ్ళో తాళం పడే గది ఒక్కటే, చర్చి వెనక మైకుసెట్టు దాచేది.

"అది వాగు ఒడ్డునే కదా. ఇక్కడే కట్టేసి ఉంచండి" అంది తోమాసా.

"వాగుని ఆపిన దేవుడు ఇతన్నీ చూసుకుంటాడు" అన్నాడు నికానోర్.

ఎవెలియో తన గుడ్డసంచి తోమాసా చేతికిచ్చి, తడవనీయొద్దన్నాడు. తర్వాత పాస్టర్ వైపు తిరిగాడు.

"నన్నెక్కడైనా పెట్టుకోండి. మీరు మాత్రం దిగకండి."

ఇద్దరు మనుషులు అతన్ని తీసుకెళ్ళి, తాళం వేసి, పైకొచ్చారు. వాన తగ్గలేదు. కప్పు మళ్ళీ వేయడం ఆ రోజుకి కాని పని. సణుక్కుంటూనే అందరూ ఆ పందిరి కిందే ప్రార్థన మొదలుపెట్టారు.

మూడో పాట మధ్యలో కాళ్ళ కింద నేల వణికింది.

బురద, బండలు, వేళ్ళతో సహా చెట్లు వాగు దారినే దిగాయి. దారిలో ఉన్న ఇళ్ళు పోయాయి. వాటిలో ఎవరూ లేరు. చర్చి ఉన్నచోట చర్చి లేదు. మైకు గదీ లేదు. తాళంచెవి మాత్రం నికానోర్ జేబులో ఉంది.

పందిరి కింద ఊరంతా ఉంది.

తోమాసా సంచి విప్పింది. చెమ్మకు ఉబ్బిన పాత బైబిలు. ఆమెకు చదువు రాదు, నికానోర్‌కి ఇచ్చింది. యొర్దాను కథ ఉన్న పేజీ దగ్గర అది తనంతట తానే తెరుచుకుంది. అంచున పెన్సిల్ రాత, ముప్పై ఏళ్ళ కిందటి తేదీతో. అతను పైకే చదివాడు.

"ఆ రోజు మా వాగు ఆగింది. ఈ వాక్యమే చదివి అందరినీ లోపలికి పిలిచాను. గంట కొట్టడానికి నేనొక్కణ్ణే బయటికొచ్చాను. అరవై ముగ్గురు లోపలే పోయారు. వాళ్ళను చంపింది కొండ కాదు. వాళ్ళ పాస్టర్‌నైన నేను."