తాళంచెవి చేతికొచ్చేదాకా

"అద్దం పగలగొట్టి రెండో తాళంచెవి తియ్యమ్మా. లైను వెంటనే చార్జ్ చెయ్యాలి," ఫోనులో పెద్దాఫీసరు కేకలేస్తున్నాడు.

సబ్‌స్టేషన్‌లో ఒంటరిగా ఉన్న ఆపరేటరు స్విచ్ వైపు చూసింది. లైను స్విచ్‌కి తాళం వేసి ఉంది. దాని తాళంచెవి స్తంభమెక్కిన లైన్‌మన్ జేబులో ఉంది.

"ఎక్కిన మనిషి ఇంకా రాలేదు సార్. ఫోనెత్తట్లేదు."

"పని ఈపాటికి అయిపోయే ఉంటుంది. ఈ లైను మీదున్న ఆసుపత్రిలో జనరేటర్ కూడా మొరాయించింది. ఆపరేషన్ థియేటర్లో పేషెంటుకి చేత్తో ఊపిరి అందిస్తున్నారు. అర్థమవుతోందా?"

అర్థమైంది.

ఆమె పిడికిలిలో భర్త ఉంగరం ఉంది. పొద్దున్నే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా బయల్దేరుతూ ఆయన దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఒంటిమీద లోహం ఉండకూడదుగా. సాయంత్రం నువ్వే తొడుగుదువుగాని," అని నవ్వాడు. ఇవాళ ఒక్కరోజు సెలవిమ్మని ఆమె ఎంత బతిమాలినా వినే నాథుడు లేకపోయాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో లైన్‌మన్ల మేస్త్రీ అడిగాడు, చార్జ్ చెయ్యడమంటే ఏమిటని. కరెంటివ్వడం అంది. "కాదు, తీగకు ప్రాణం పొయ్యడం. పైనున్నవాడు దిగొచ్చి తాళంచెవి తన చేత్తో నీకిచ్చాకే పొయ్యాలి. ఎవరు చెప్పినా సరే, ఎవరికోసమైనా సరే," అన్నాడాయన.

ఆమె అద్దంపెట్టె దగ్గరికి వెళ్ళింది. రెండో తాళంచెవి చెయ్యి చాస్తే అందేలా ఉంది. చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దించేసింది.

"నావల్ల కాదు సార్."

"స్తంభం మీదున్నది నీవాడా ఏంటి, ఇంత మొండికేస్తున్నావు? ఉద్యోగం ఊడుతుంది చూసుకో."

ఆమె ఉంగరాన్ని గట్టిగా నొక్కిపట్టుకుని గేటు వైపే చూస్తూ నిలబడింది. అలా ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు.

చివరికి గేటు కిర్రుమంది. చెమటలు కక్కుతూ వచ్చిన లైన్‌మన్ తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె ఒక్క అంగలో వెళ్ళి తాళం తీసి స్విచ్ వేసింది. మీటరు ముల్లు లేచి నిలబడింది. ఆమె మాత్రం నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఊరుకో. క్షేమంగా దిగొచ్చాను కదా, ఇంకెందుకు ఏడుపు?" అన్నాడు లైన్‌మన్.

"ఆసుపత్రి థియేటర్లో ఉన్నది మా ఆయన, అన్నా."