మెర్క్యురీ మడమ

కంచు విగ్రహాలు పోతపోసే లాపో వీధి తలుపుకు తాళం వేసి, తాళంచెవిని నడుముకు కట్టుకున్నాడు. లోపలినుంచైనా బయటినుంచైనా ఆ తలుపుకు అదే తాళం, అదే చెవి. నిద్రలో కూడా దాన్ని విప్పడు.

ఒరెత్తా అతని భార్య. పెళ్ళయ్యాక ఆమె ఫ్లోరెన్స్ వీధిని చూసింది కిటికీ ఊచల్లోంచే. పక్క ఊరు ప్రాతోలో చెల్లెలికి నెలలు నిండాయి. ఆ పిల్లకు ఈమె తప్ప దిక్కులేదు.

"మెర్క్యురీ పోత అవనీ, పంపిస్తా," అన్నాడు లాపో.

మెర్క్యురీ మడమలకు రెక్కలున్న దేవుడు. ఒంటికాలి వేళ్ళ మీద లేచి గాలిలోకి ఎగరబోతున్నాడు. ఇంకా మైనపు బొమ్మే. కంచు పారే దారుల కోసం చుట్టూ మైనపు కడ్డీలు అతికించి, మట్టి మెత్తి, కాలుస్తారు. మైనం కారిపోయిన చోటల్లా కంచు నిండుతుంది. కడ్డీలు అతికించేదీ, మట్టి మెత్తేదీ ఒరెత్తానే. లాపో ఆ కడ్డీల వంక చూడనైనా చూడడు. చివరకు కోసి పారేసేవేగా.

పోత రోజున కంచు ఎర్రగా దిగింది. మట్టి అచ్చును పాతిన గుంట అంచును ఒరెత్తా వదల్లేదు.

"మేయో, మడమ కింది కడ్డీ దాకా పోయిందంటావా?"

"పోతుందమ్మా," అన్నాడు కొలిమి పనివాడు మేయో. "మేస్త్రీకి లేని దిగులు నీకెందుకు?"

లాపో నవ్వాడు. "అది నన్ను కాదురా, ఆ రెక్కలోణ్ణి చేసుకుంది."

చల్లారాక మట్టి పగలగొట్టారు. ముఖం, ఎత్తిన చెయ్యి, రెక్కలు, అన్నీ కుదిరాయి. కడ్డీల చుట్టూ మాత్రం మట్టి ఇంకా గడ్డకట్టి ఉంది. లాపో బొమ్మ బుగ్గ తట్టాడు.

"మరి ప్రాతోకి?" అంది ఒరెత్తా.

"ఈయన తర్వాత వీనస్ ఉందిగా. అదీ కానీ."

"అప్పటికి బిడ్డకు నడక వస్తుంది."

"రానీ. నడుచుకుంటూ వాడే వస్తాడు మనింటికి."

మేయో తల వంచుకుని పార సర్దుకున్నాడు.

ఒరెత్తా రంపం అందుకుంది. "మీరు వెళ్ళిరండి. కడ్డీలు నేను కోస్తాను."

"అదీ బుద్ధంటే," అన్నాడు లాపో. మేయోను వెంటబెట్టుకుని సారా కొట్టుకు బయలుదేరాడు. బయటినుంచి తాళం పడింది. అడుగుల చప్పుడు సందు మలుపు తిరిగింది.

ఒరెత్తా మిగతా కడ్డీల జోలికి పోకుండా, మడమ కిందిది ఒక్కటే కోసి, దాని మట్టిని సుత్తితో రాల్చింది. లాపో నిద్రపోతుండగా మట్టిలో అచ్చు తీసి, మైనంతో చేసి, ఆ కడ్డీకి తాను అతికించిన వీధి తలుపు తాళంచెవి, కంచుదై ఆమె చేతిలో పడింది.