రమణి కోసం కట్టిన డోలీ

పొద్దున్నే రమణి కోసం డోలీ కట్టారు.

వెదురు బొంగుకి కొత్త దుప్పటి వేలాడేసి, రెండు కొసలూ తాళ్లతో బిగించాడు మంగ్లు. "ఏనుగునెక్కించినా తెగదు పెద్దమ్మా," అన్నాడు. ముత్యాలమ్మ నమ్మలేదు. తనూ ఓసారి లాగి చూసింది. మనసు ఊరుకోక మళ్లీ లాగింది.

కూతురికి నెలలు నిండాయి. తెల్లారకముందే నడుము పట్టేసింది. అల్లుడు ధర్మ విశాఖపట్నంలో కూలి పనిలో ఉన్నాడు. సీలేరు వెళ్లే రోడ్డు ఎక్కాలంటే కొండ దిగాలి, గెడ్డ నీళ్లు దాటాలి. ముత్యాలమ్మ తోడికోడలు ఇలాగే పురిటి నొప్పులతో దిగుతూ ఆ గెడ్డ ఒడ్డునే పోయింది. ఆమెను పడుకోబెట్టిన రాయి ఇప్పటికీ అక్కడే ఉంది. దాని పక్కనుంచి వెళ్లినప్పుడల్లా ముత్యాలమ్మ మొహం తిప్పుకుంటుంది.

సరిగ్గా ఆ పూటే ఊళ్లోకి ఢిల్లీ సీటుకి నిలబడ్డ నాయకుడొచ్చాడు. వెనక జెండాలు, డప్పులు. ఊరి మధ్య బండ ఎక్కి మాట్లాడాడు. స్వాతంత్ర్యం వచ్చిన కాడ్నించీ మన రాష్ట్రం నుంచి ఢిల్లీ సభకి ఎందరెందరు వెళ్లారో చెప్పాడు. ఈ కొండల వోట్లు ఒకప్పుడు భద్రాచలం సీటుకి పడేవన్నాడు, తర్వాత అరకు సీటులో కలిశాయన్నాడు. ఆఖరికి రాష్ట్రమే రెండు ముక్కలైందన్నాడు.

"ఇంత చరిత్ర జరిగింది. మీ భుజాల మీంచి ఈ డోలీ మాత్రం దిగలేదు. దించేవాణ్ణి నేను," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. బండ నున్నటిది. దిగేటప్పుడు ఆయన్ని నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది.

ముత్యాలమ్మకి తెలిసిన చరిత్ర ఇంకోటి. ఆమె పెళ్లై వచ్చిన ఏడు రోడ్డు వేస్తామన్నారు. రమణి పుట్టిన ఏడూ అదే మాట. ఇప్పుడు రమణి బిడ్డ పుట్టబోతున్నాడు, మాట మాత్రం ముసలిదవలేదు.

అయినా ఆ నాయకుడి మాటకే తలూపాల్సి వచ్చింది. తన కారులో రమణిని ఆస్పత్రికి చేరుస్తానని ఆయనే అన్నాడు. కారు కింద రోడ్డు మీద ఉంది. ఊళ్లో ఫోను పలకదు. ఒప్పుకోక ఏం చేస్తుంది?

డోలీ లేచింది. ముందు మంగ్లు, వెనక గాసి.

"ఏటి రా ఈ బరువు, కవలలా?" అన్నాడు గాసి.

మంగ్లు నవ్వాపుకోలేక దగ్గాడు. ముత్యాలమ్మ నవ్వలేదు.

డోలీ పక్కనే వరహాలరావు నడుస్తున్నాడు. నర్సీపట్నం వాడు, నాయకుడి మనిషి. డోలీ మీద పార్టీ గొడుగు పట్టాడు. అడుగడుక్కీ, "మెల్లగా రా, కుదుపు తగలకూడదు," అంటున్నాడు. లోపల్నుంచి మూలుగు వినిపిస్తే చాలు, వంగి, "అయిపోయింది, వచ్చేశాం," అని బుజ్జగిస్తున్నాడు. నీళ్ల సీసా మూత తీసి లోపలికి అందించాడు. ఖాళీ సీసాని కాఫీ మొక్కల్లోకి విసిరేశాడు.

"ఇన్నాళ్లూ ఎక్కడ దాసినారు బాబూ ఈ దయ?" అంది ముత్యాలమ్మ.

"ఏటమ్మా, మంచి సేసినా తప్పేనా?"

"చెట్ల నీడలో గొడుగు పట్టడమేటి మంచి?"

వరహాలరావు గొడుగు దించలేదు. ముత్యాలమ్మ తుపుక్కున పక్కకి ఉమ్మి, వెనక్కి తిరిగి కేకేసింది.

"బేబీ, బేగి!"

బేబి ఆమె కోడలు. పై మలుపులోంచి గొంతొక్కటే వచ్చింది. "వత్తన్నాం అత్తా. నువ్వు పో, ముందు కారునాపు."

గెడ్డ దగ్గర రాళ్లు పాకుడు పట్టి ఉన్నాయి. గాసి కాలు జారింది. డోలీ ఊగి బండకి తగిలింది. లోపల్నుంచి "అమ్మా" అని కేక.

వరహాలరావు గొడుగు పారేసి గాసిని తిట్టాడు. ముత్యాలమ్మ డోలీ వైపు చూడలేదు. ఆ రాయి వైపు చూసింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. చూసి, వచ్చిన దారి వైపు తిరిగి చేతులెత్తింది. తన కూతురు గెడ్డ దాటితే కోడిని కోస్తానని కొండదేవత జాకరమ్మకి మొక్కుకుంది.

అప్పుడామెకి కొత్త భయం పట్టుకుంది. కారు వెళ్లిపోతే? తీరా చేరేసరికి ఇంకే ఊళ్లోనో మీటింగుందంటూ తలుపేసుకుంటే? ఇలాంటి వాళ్ల మాటని గెడ్డ నీళ్ల మీద రాసుకోవాలి. చీర కుచ్చిళ్లు ఎగదోపి, డోలీని దాటి, పరుగులాంటి నడకతో రోడ్డెక్కింది.

కారు ఉంది. తెల్లగా, పొడుగ్గా, ఇంజను ఆపకుండా. లోపల చల్లగాలిలో డ్రైవరు కునుకు తీస్తున్నాడు. ముత్యాలమ్మ వెళ్లి సరిగ్గా బండి ముందు నిలబడింది.

డ్రైవరు అద్దం దించాడు. "తప్పుకోమ్మా, బండి తిప్పుకోవాలి."

"తప్పుకోను. నా గుంట ఎక్కేదాకా ఇది కదలదు."

"సరే, అదిగో డోలీ వచ్చేసింది కదా."

ముత్యాలమ్మ కదల్లేదు. రెండు చేతులూ కారు మీద ఆనించింది.

రొప్పుతూ వచ్చిన మంగ్లూ గాసీ, బండ దిగుతూ చీలమండ బెణికి, కారు ఇస్తానని రమణి డోలీ ఎక్కిన నాయకుణ్ణి అందులోంచి ఎత్తి వెనక సీట్లో జారగిల పడుకోబెట్టారు; అవతల గెడ్డ ఒడ్డున, తోడికోడలు పోయిన ఆ రాయి దగ్గర, రమణి ఒక చేత్తో బేబి భుజం, ఒక చేత్తో పొట్ట పట్టుకుని ఇంకా నడుస్తూనే ఉంది.