ఖాళీ ఉంటేనే

"మళ్ళీ సీటు దొరకలేదోయ్. ఈ శుక్రవారం కూడా ఇంటికి రాలేను," అన్నాడు పైలట్ ఫోన్లో. "టికెట్ కొన్నవాళ్ళందరూ ఎక్కాక ఖాళీ ఉంటేనే కదా మా ఉద్యోగులకి ఉచిత సీటు. ఎక్కి కూర్చున్న నన్ను ఇప్పుడే దింపేశారు."

"అలాగా," అంది భార్య.

డ్యూటీలో లేని పైలట్ సీటు కోసం వాదించకూడదనీ, లెమ్మంటే నవ్వుతూ లేవాలనీ ఆమెకు చెప్పింది ఆయనే. అందుకే ఇన్నాళ్ళూ మారు మాట్లాడలేదు.

ఈసారి కలిసి తిరిగి వెళ్దామని, ఆయనకు చెప్పకుండా తానే ఆయన పనిచేసే ఊరు వచ్చింది. ఆయన్ని దింపేశారన్న ఆ విమానం గేటు దగ్గరే నిలబడి ఫోన్ పెట్టేసింది.

"మీరడిగినట్టే రెండు సీట్లూ పక్కపక్కనే ఇచ్చాను మేడం," అంది కౌంటర్లో అమ్మాయి. "శుక్రవారం ఎప్పుడూ సగం ఖాళీయే. కెప్టెన్ గారేరీ?"

"ఆయనకి సీటు దొరకలేదట," అంది ఆమె.