నోరు విప్పని థాలియా

“కాల్చదేం ఆ మహాతల్లి? నోట్లో బెల్లం గడ్డ పెట్టుకుందా?” సరుకు ఓడ రేలింగు పట్టుకుని అరిచాడు వంటవాడు సాల్వు.

సముద్రం అంచున శత్రువుల యుద్ధనౌకలు మూడు. వాటికీ ఈ ఓడకీ మధ్య కాపలా ఒకే ఒక్క తేలికపాటి యుద్ధనౌక, థాలియా అనే క్రూయిజర్. సరుకు ఓడ నిండా గోధుమపిండి, పెట్రోలు డబ్బాలు. ఒక్క గుండు తగిలితే బూడిద కూడా మిగలదు. నెలల తరబడి ముట్టడిలో ఉన్న మాల్టా దీవిలో సాల్వు కూతుళ్లు పలచటి సూపు కోసం గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడుతున్నారు. ఈ పిండి చేరకపోతే ఆ సూపూ ఉండదు.

“కరిచే కుక్క మొరగదు బావా,” అన్నాడు పక్కనే ఉన్న బావమరిది విస్టిన్. “గురి కుదరాలని చూస్తోంది.”

“కుదిరేలోపు మనం పరలోకంలో ఉంటాం!”

థాలియా చుట్టూ నీళ్లు తాడిచెట్టంత ఎత్తున లేచాయి. ఒక గుండు పొగగొట్టాన్ని సగానికి కోసేసింది. అయినా అది వెనక్కి తిరగలేదు. ఫిరంగులన్నీ ఎక్కుపెట్టి, తిన్నగా ఆ మూడింటి మీదికే ఉరికింది. ఇంకా ఒక్క గుండూ పేల్చలేదు.

సాల్వు కళ్లు మూసుకుని మరియ తల్లికి మొక్కుకున్నాడు.

“బావా, చూడు! చూడవయ్యా!”

ముందున్న శత్రునౌక తడబడింది. ఇంత దగ్గరికొచ్చి కూడా కాల్చడం లేదంటే నీళ్లలోంచి దూసుకొచ్చి ఓడల్ని పేల్చే టార్పెడోలే వదలబోతోందనుకుందో ఏమో, గిర్రున వెనక్కి తిరిగింది. మిగతా రెండూ దాని వెనకే తోక ముడిచాయి.

సాల్వుకి ఏడుపు ఆగలేదు. ఇంతసేపూ తిట్టిన నోటితోనే, “రాణివంటే నువ్వేనమ్మా!” అని కేకలు పెట్టాడు.

కాలిన పక్కతో, సగం పొగగొట్టంతో థాలియా సరుకు ఓడ పక్కకే వచ్చింది. నుదుటికి కట్టుతో కెప్టెన్ పైన నిలబడి ఉన్నాడు.

“దొరా! మా పిల్లల నోటి దగ్గర కూడు నిలబెట్టారు,” అంటూ సాల్వు చేతులెత్తి దండం పెట్టాడు. “అన్ని దెబ్బలు తింటూ ఒక్కసారీ కాల్చలేదు! అంత నిబ్బరం ఎక్కడిది దొరా?”

కెప్టెన్ ఒకసారి వెనక్కి చూసి, శత్రువులు కనుమరుగయ్యారని రూఢి చేసుకుని, ముందుకు వంగాడు.

“గట్టిగా అడక్కయ్యా. నిబ్బరమూ లేదు, పాడూ లేదు. గుండ్లు నిన్ననే అయిపోయాయి!”