షెడ్డులో నీళ్ల బొమ్మ

"ఈ రెండు అంకెలూ కలవకపోతే షెడ్డుకు తాళమే," అన్నాడు తనిఖీకి వచ్చిన వీరరాఘవరావు.

షెడ్డు నడిపే శ్రీరామమూర్తి చొక్కా తడిసిపోయింది. చాంద్రాయణగుట్టలో రేకుల షెడ్డు, మే నెల. అదొక కారణం. ఏళ్ల తరబడి చేసిన పని ఈ పూటతో తేలిపోతుంది. అది అసలు కారణం.

పనేమీ బ్రహ్మవిద్య కాదు. కార్మికుల ఒంట్లోంచి గామా కిరణాలు ఎంత వస్తున్నాయో కొలిచే డిటెక్టర్ అది. ఒంట్లోకి ఎక్కించి మరీ కొలవడం ఎందుకని అడక్కండి, అది వేరే గొడవ. డిటెక్టర్‌ను సరిచూడాలంటే మనిషంత ప్లాస్టిక్ బొమ్మలో నీళ్లు నింపి దాని కింద పడుకోబెట్టాలి. అప్పుడు ఎంత చూపించాలో కంప్యూటర్ ముందే లెక్కగట్టి పెట్టింది. రెండూ ఒకే మాట చెబితే పాస్.

బొమ్మ బల్ల మీద ఉంది. దుమ్ము పడకుండా నిలువునా తెల్లదుప్పటి.

వీరరాఘవరావు దుప్పటి మీద చెయ్యేశాడు. "వెచ్చగా ఉందేమిటండీ?"

"రేకుల కింద ఉన్నది గద సార్," అన్నాడు టెక్నీషియన్ ఆనందరావు. "మేమే ఉడుకుతున్నం. బొమ్మకేం తక్కువ?"

స్విచ్ వేశారు. డిటెక్టర్ అంకె చూపించింది. కంప్యూటర్ చెప్పినదానికంటే ఎక్కువ. మళ్లీ కొలిచారు. మళ్లీ ఎక్కువే.

"ఏది తప్పు? కంప్యూటరా, డిటెక్టరా?"

"రెండూ కరెక్టేనండీ," అన్నాడు శ్రీరామమూర్తి నీరసంగా.

"మరి తేడా ఎక్కడిది? మనిషైతే ఒంట్లో పొటాషియం ఉంటుంది, కాస్త గామా సహజం. ఉత్త నీళ్లకు ఎక్కడిదండీ?"

ఆనందరావు అందుకున్నాడు.

"చాంద్రాయణగుట్ట నల్లా నీళ్లు సార్. దాంట్ల ఏముంటదో దేవునికే ఎరుక."

వీరరాఘవరావుకు ఈ మాట నచ్చింది. తప్పు నీళ్లదైతే ఎవరి మీదా ఏమీ రాయనక్కర్లేదు. అధికారికి అంతకంటే ఏం కావాలి?

"అయితే నీళ్లు మార్చి కొలుద్దాం. మూత తియ్యండి."

"మూత బిగుసుకపోయింది సార్. రాదు."

"రాకపోతే మానె. డ్రిల్లు ఇటివ్వండి. పొట్ట దగ్గర చిన్న బెజ్జం కొడితే సరి."

ఆనందరావు ఆగమన్నా ఆయన ఆగలేదు. డ్రిల్లు గిర్రున తిరిగింది.

దుప్పటి తన్నేసి లేచి కూర్చున్న బొమ్మ, "పగిలిన బొమ్మ జాగల పండుమంటే పండిన గని, పొట్టకు బెజ్జం గొడ్తరని ఎవ్వలు చెప్పలే గద సార్!" అని అరిచింది.